మూలలు మడవని పేజీలు

అక్కా,

మన కొండ మీది సంగీతోత్సవం నిన్నటితో అయిపోయింది. పియానో ఆయన పక్కన నిలబడి పేజీలు తిప్పే పని ఈసారి నాదేనని రెండేళ్లుగా కాచుకుని కూర్చున్నాను. సంగీతం మాస్టారు దాన్ని రొట్టెల కొట్టు వాళ్ళమ్మాయికి ఇచ్చి, నన్ను కుర్చీలు సర్దమన్నారు. కడుపు మండిపోయిందక్కా.

ఇక్కడి మంచు చెమ్మకి కాగితాలు అంటుకుపోతాయని, ముందే ప్రతి పేజీ మూలా కొంచెం పైకి మడవాలని నువ్వే నాకు నేర్పావు. తనకా సంగతి తెలియదు. కచేరీకి ముందు నా దగ్గరికి వచ్చి, "ఇంకేమైనా చూసుకోవాలంటావా?" అని అడిగింది.

"ఏం లేదులే, వెళ్ళవే," అన్నాను.

తను పేజీ తిప్పిన ప్రతిసారీ వెనక వరుసలో నా చెయ్యి కూడా లేచింది. రెండో అంశంలో రెండు పేజీలు కలిసి తిరిగాయి. పియానో ఆగింది, వయొలిన్లూ ఆగాయి. హాలంతా తనవైపే చూసింది.

"వచ్చే ఏడు నువ్వే," అన్నారు మాస్టారు నాతో. ఎంత సంతోషం వేసిందో! అంతలో తను వచ్చి నా భుజం మీద తల పెట్టి, "నువ్వైతే ఇలా చేసుండేదానివి కాదే," అని ఏడ్చింది.

నేను తన కళ్ళు తుడిచి, కుర్చీలు సర్దడానికి వెళ్ళిపోయాను. తనతో చెప్పలేనిది నీకు మాత్రం ఇంత రాయగలిగాను. అందుకే కవరు అంటించకుండా రేపు తన చేతికే ఇచ్చి, చదివాక పోస్టు చెయ్యమంటాను. ఇది నీకు అందిందంటే, తనకి అంతా తెలిసిపోయిందన్నమాట.

నీ చెల్లి