ఎర్ర బండిని ఎవరు సాగనంపాలి

నఖోన్ సవాన్ పట్టణం, బస్టాండు వెనక సందులో స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీని, సంరుయ్ కేవ్‌మణి అనే నేను, వయస్సు అరవై ఎనిమిది, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరెవరికి చెందాలో ఇందుమూలంగా నిర్ణయిస్తున్నాను. తెలివి పూర్తిగా ఉందా లేదా అన్న విషయంలో నా భార్యకు వేరే అభిప్రాయం ఉంది. చట్టం ఆమెను అడగమనలేదు కాబట్టి ఆ అభిప్రాయాన్ని ఇక్కడ నమోదు చేయడం లేదు.

నా కుడిచెయ్యి పోయినేటి వానాకాలం నుంచి నా మాట వినడం లేదు. కలం పట్టుకుంటే అక్షరాలు వంకర్లు పోతున్నాయి. అందుచేత నేను చెబుతుంటే ఎదురు సెలూన్ సనన్ రాస్తున్నాడు. ఇతను చాలా ఏళ్లుగా నా జుట్టు కత్తిరిస్తూ, నా సంసారం గురించి నాకే తెలియని సంగతులు నాకు చెబుతున్న మనిషి. మొదటి సాక్షి కూడా ఇతనే. ఈ వాక్యం రాయడానికి కాస్త నసిగాడు. రాయి సనన్ అన్నాను. రాశాడు.

1. ఇల్లు. ఈ ఇంటిని నేను ఎవరికీ రాయలేను, ఎందుకంటే ఇది నాది కాదు. పెళ్లయిన ఏడాదే నా భార్య లమ్యై పట్టా తన పేరు మీద చేయించుకుంది. పైసా అద్దె లేకుండా ఇన్నేళ్లు ఉండనిచ్చినందుకు ఆమెకు కృతజ్ఞుణ్ణి. కృతజ్ఞత చాలడం లేదని ఆమె అప్పుడప్పుడూ గుర్తు చేస్తూ ఉంటుంది.

2. నా కుట్టు మిషన్, పెద్ద కత్తెర, బొత్తాల డబ్బా నా కూతురు చుతిమాకు చెందాలి. ఈమె నర్సు. మనుషులకు కుట్లు వేస్తుంది గానీ తన జాకెట్టుకు బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకుంటుంది. కత్తెరతో కాగితం కోయరాదు. బొత్తాల డబ్బాను పారేయరాదు. అందులోని ఆకుపచ్చ బొత్తాలతో ఆమె ఒంట్లు లెక్కపెట్టడం నేర్చుకుంది. ఒకటి మింగేసింది కూడా. అది బయటికొచ్చేదాకా నేనూ లమ్యై అన్నం తినలేదు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా చుతిమాదే. ఆమె తల్లిలా గట్టిది, నాలా నిదానస్తురాలు. తారుమారు కాకపోవడం మా అదృష్టం.

అలమరలో మిగిలిపోయిన గోధుమరంగు నిక్కర్లన్నీ మా వీధి స్కూలు హెడ్మాస్టరుగారికి. నేను అన్నీ కుట్టి మడత పెట్టాక యూనిఫారం నీలం రంగుకు మార్చిన మహానుభావుడు ఆయనే. ఏ సైజు సరిపోతే అది వేసుకోవచ్చు.

3. నా బావమరిది థోంగ్‌బైకి నా కొలతల టేపు. మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఇతను "ఒంట్లో ఎలా ఉంది బావా" అని నన్ను అడుగుతాడు. అడిగేటప్పుడు నా మొహం వంక చూడడు, నా బండి సైలెన్సర్ వంక చూస్తాడు. నేను చెయ్యి చూపించుకొని ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున బత్తాయిలు తెచ్చాడు. వాటితోపాటు ఒక స్పానర్ కూడా తెచ్చాడు. అదెందుకని అడిగితే ఊరికే జేబులో ఉండిపోయిందన్నాడు. సైలెన్సర్ ఇతనికి రాదు, టేపు వస్తుంది. దాంతో నడుము కొలుచుకొని, ఆ నడుముతో రేసు బండి ఎక్కడం ఎలాగో తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

4. ఇక అసలు ఆస్తి. పెళ్లికి ముందు నేను కొన్న ఎర్ర టూ-స్ట్రోక్ స్పోర్ట్స్ బండి, నూటయాభై సీసీ. కొన్ననాడు అది కంపెనీవాడు చేసిన బండి. ఈనాడు అందులో వాడిదంటూ మిగిలింది పెట్రోలు ట్యాంకు, చాసిస్ మీద నంబరు. తక్కినదంతా నా తెలివితేటలు.

పెళ్లి కాకముందు నా సంపాదన దాని వేగం పెంచడానికి పోయింది. సిలిండర్ బోరు పెద్దది చేయించాను, రేసు కార్బురేటర్ పెట్టించాను, హ్యాండిల్ కిందికి దించాను. నేను బయల్దేరితే ఆ మోత నది అవతలి గట్టుదాకా వినిపించేది, తిట్లు మాత్రం మా సందులోనే వినిపించేవి. పెళ్లయ్యాక నా సంపాదన ఆ వేగాన్ని తగ్గించడానికి పోయింది.

వెనక సీటు రేసు సీటు, అరచెయ్యంత ఉండేది. లమ్యై పొద్దున మార్కెట్లో కొబ్బరిపాల మిఠాయిలు అమ్ముతుంది. నడుము నుంచి మడమలదాకా లుంగీలా చుట్టుకున్న పాసిన్‌తో ఆమె ఒక పక్కకు తిరిగి కూర్చునేది. బ్రేకు వేసినప్పుడల్లా జారి నా వీపు మీదికి వచ్చిపడేది. పెళ్లయిన కొత్తలో నాకు ఈ ఏర్పాటులో లోపమేమీ కనిపించలేదు. చుతిమా కడుపున పడ్డాక కనిపించింది. ఆ వారమే సీటు కోసి, స్పాంజి వేసి, చొక్కా కాలరు కుట్టినంత జాగ్రత్తగా వెడల్పు సీటు కుట్టాను. ఆమె పాదాలు ఆనించుకోవడానికి ఎడమవైపు ఒక పలక వెల్డింగు చేయించాను. పట్టుకోవడానికి ఒక కమ్మీ పెట్టించాను. మిఠాయి పళ్లేలు కదలకుండా రెండువైపులా ఇనప గూళ్లు బిగించాను. పాప నిద్ర చెడుతోందని సైలెన్సర్‌లో వేడికి కాలని పీచు కూరి దాని నోరు మూయించాను. చివరికి నా నడుము మొత్తుకుంటే హ్యాండిల్ మళ్లీ పైకి లేపాను.

ఇప్పుడా బండి ముందునుంచి చూస్తే రేసుకు పోయేలా ఉంటుంది, వెనకనుంచి చూస్తే సంతకు పోయేలా ఉంటుంది. సిగ్నల్ దగ్గర కుర్రాళ్లు ఫోటోలు తీసుకుంటారు. మెచ్చుకోలుగానే అని నేను అనుకుంటాను. లమ్యై దాన్ని నా చిన్నిల్లు అంటుంది. ఆ చిన్నింటి మీదే రోజూ కాళ్లు చాపుకొని కూర్చుని మార్కెట్‌కు వెళ్లిన సంగతి మాత్రం ఎవరితోనూ అనదు.

5. సదరు బండిని అమ్మవలసిన కారణాలు. పోయినేడు వానల్లో, మార్కెట్ మలుపు దగ్గర, నా కుడిచెయ్యి బ్రేకు నొక్కనంది. బండి పడింది. లమ్యై పడింది. మిఠాయిలన్నీ కాలవలో పడ్డాయి. ఆమె మణికట్టు విరిగింది, నాకు చొక్కా చిరిగింది. పైవాడి లెక్క ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. డాక్టరు నా చెయ్యి పట్టుకు చూసి, ఇది వణుకు జబ్బని, పెరిగేదే గానీ తరిగేది కాదని, బండి తాళం ఇంట్లోవాళ్లకు ఇచ్చేయమని చెప్పాడు. ఇచ్చేశాను. నా దగ్గర ఇంకో తాళం ఉందా అని ఆయన అడగలేదు.

అమ్మకానికి ప్రకటన నేనే ఇచ్చాను. వచ్చినవాళ్లు వచ్చారు. ఇలాంటి పాత బండ్లకు కంపెనీ నుంచి దిగినట్టు ఉంటేనే గిరాకీ అట. ఇన్నేళ్లు కష్టపడి నేను చేసిందల్లా దాని ధర తగ్గించడమేనని ఒక్కొక్కరూ వచ్చి ఉచితంగా చెప్పి వెళ్లారు. ఒకడైతే సీటు చూసి, ఇది సోఫా నుంచి తీసిందా అని అడిగాడు. వాడికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

తర్వాత ఫిత్సనులోక్ నుంచి విరోత్ అనే అబ్బాయి వ్యాను వేసుకొచ్చాడు. పాత బండ్లు కూడబెట్టేవాడు. బండి చుట్టూ తిరిగి, పలకా గూళ్లూ పీకేస్తే అసలు రూపం వచ్చేస్తుంది పెద్దయ్యా అన్నాడు. అయితే నీకు అమ్మను అన్నాను. అతను కాసేపు వెనక సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని, పాదాలు పలక మీద పెట్టి చూసుకున్నాడు. లేచి, సరే, ఏదీ పీకను, ఇలాగే ఉంచుతాను అన్నాడు. ధర చెప్పాను, ఒప్పుకున్నాడు. పెంచాను, దానికీ ఒప్పుకున్నాడు. వంక పెట్టడానికి నాకేమీ మిగల్చని దుర్మార్గుడు.

బండి వ్యాను ఎక్కించబోయే ముందు, మే యా నాంగ్‌కి చెప్పారా అని అడిగాడు. బండిని కాచే తల్లి ఆవిడ. కొన్ననాడే హ్యాండిల్‌కు రంగు గుడ్డలు కట్టి ఆవిణ్ణి పిలుచుకుంటాం. అమ్మేనాడు యజమాని ముందు చక్రం దగ్గర ధూపం వెలిగించి, ఎర్ర షర్బత్ సీసా పెట్టి, కొత్త యజమాని పేరు నోటితో చెప్పి, అతనితో వెళ్లమ్మా అని అడగాలి. అలా చెప్పకుండా అమ్మిన బండిని ఈ దేశంలో బుద్ధున్నవాడెవడూ ఇంటికి తీసుకుపోడు. చెప్పాను అన్నాను. వంటింట్లోంచి లమ్యై గొంతు వినిపించింది.

"చెప్పలేదు బాబూ. నాలుగుసార్లు ధూపం వెలిగించాడు. ఒకసారి టైర్లలో గాలి గురించి మాట్లాడి లేచాడు. మిగతా మూడుసార్లూ ముక్కు చీదుకుంటూ లోపలికొచ్చాడు."

నాకు ధూపం పొగ పడదు. ఈ సంగతి అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ నమోదు చేయిస్తున్నాను. విరోత్ ఖాళీ వ్యానుతో వెళ్లిపోయాడు. చెప్పిన రోజున ఫోన్ చేయమన్నాడు.

6. పై కారణాలన్నిటినీ ఆలోచించిన మీదట సదరు బండిని నా భార్య లమ్యైకి రాస్తున్నాను. షరతులు ఇవి. నేను బతికి ఉన్నంతకాలం బండి నా స్వాధీనంలోనే, నా వాకిట్లోనే ఉండాలి. నేను పోయాక ఆమె నా బదులుగా ధూపం వెలిగించి, మే యా నాంగ్‌కు చెప్పవలసిన మాట చెప్పి, బండిని విరోత్‌కు అమ్మాలి. విడి భాగాలుగా అమ్మరాదు. థోంగ్‌బై ఇంట్లో ఉండగా అసలే అమ్మరాదు. లమ్యైకి నోరుంది, ధైర్యముంది, ధూపం పొగ కూడా పడుతుంది. కాబట్టి ఈ ఏర్పాటు అందరికీ అనుకూలం. ముఖ్యంగా నాకు.

7. ఈ అంశం తర్వాత చేర్చినది. పై అంశం రాయడం అయ్యాక సనన్ వేళ్లు విరుచుకుంటుంటే లమ్యై ఐసు కాఫీ తెచ్చింది. ఏం రాశావో చదువు సనన్ అంది. అతను నా వంక చూశాడు, ఆమె వంక చూశాడు, ఎవరికి ఎక్కువ భయపడాలో తేల్చుకొని మొదటినుంచి చదివాడు. ఇంటి సంగతి దగ్గర ఆమె తలూపింది. నిక్కర్ల దగ్గర నవ్వింది. సీటు సంగతి వచ్చినప్పుడు గ్లాసులు సర్దుతూ వెనక్కి తిరిగి నిలబడింది. ఆరో అంశం అయ్యాక ఇటు తిరిగింది. మనవరాలు పుట్టినప్పటి నుంచీ ఆమె నన్ను తాతా అనే పిలుస్తుంది.

"అంటే చచ్చేదాకా ఎక్కుతావన్నమాట, తాతా."

నేను కాఫీ గ్లాసు అందుకున్నాను. రెండో తాళం బియ్యం డబ్బాలో ఉందని తనకు ఎప్పటినుంచో తెలుసంది. పోయిన బుధవారం తను మార్కెట్‌కు వెళ్లాక నేను గుడిదాకా వెళ్లొచ్చానని కూడా తెలుసంది. రోజూ ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే బండి ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూస్తుందట. అది చల్లగా ఉంటేనే లోపలికి వస్తుందట. ఆ బుధవారం వేడిగా ఉందంది.

"నా మణికట్టు అతుక్కుంది. నీ తలకాయ అతుక్కోదు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే సముదాయించవచ్చు. ఏడవకుండా నిలబడితే ఏం చేయాలో ఇన్నేళ్లలో నాకు తెలియలేదు.

రెండో సాక్షి ఎవరని ఆమె సనన్‌ను అడిగింది. నూడుల్స్ బండి ఆయన్ని పిలుద్దామనుకుంటున్నామని, ఎవరైనా సరే గానీ వీలునామాలో వాటా ఉన్నవాళ్లు మాత్రం కాకూడదని, వాళ్లు సంతకం పెడితే వాళ్లకు రాసింది చెల్లకుండా పోతుందని సనన్ పాపం వివరంగా చెప్పాడు. చెల్లకుండా పోతుందా అని ఆమె మళ్లీ అడిగింది. పోతుందన్నాడు. ఆమె అతని చేతిలోంచి కలం తీసుకొని, కింద ఖాళీగా ఉన్న సాక్షి గీత మీద తన పేరు రాసేసింది.

"నడిపినవాళ్లు చెప్పాలి. నేను వెనక సీటు మనిషిని. నేను చెబితే మే యా నాంగ్ వినదు."

8. అందుచేత ఆరో అంశం చెల్లదు. కాగితం చింపి కొత్తది రాద్దామా అని సనన్ చెవిలో అడిగాడు. వద్దన్నాను. బియ్యం డబ్బాలోని తాళం తీసి లమ్యై చేతికి ఇచ్చాను. అది ఈ వీలునామా కింద ఇచ్చింది కాదు, చేతిలోంచి చేతికి ఇచ్చింది. సనన్ విరోత్‌కు ఫోన్ చేశాడు. అతను రేపు వస్తున్నాడు.

నాకు భయంగా ఉంది. ఈ మాట సనన్ రాయనంటున్నాడు, వీలునామాల్లో ఇలాంటివి ఉండవంటున్నాడు. రాయి సనన్. నేను రేపు పొద్దున ముందు చక్రం దగ్గర చెప్పవలసింది ఒక్క వాక్యం. అమ్మా, విరోత్ అనే మంచి అబ్బాయి వస్తున్నాడు, అతనితో వెళ్లు. ఈ ఒక్క వాక్యం చెప్పి రాయించడానికే మధ్యలో చాలాసేపు ఆగాను. ఇక్కడ ధూపం కూడా లేదు. మళ్లీ నడపలేనని నాకు డాక్టరు చెప్పకముందే తెలుసు. కాకపోతే ఆ సంగతి బండికి తెలియకూడదనుకున్నాను.

ఇంతకు మించి నాకు ఆస్తి లేదు. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవైనా ఉంటే రద్దు. నేనెప్పుడూ రాయలేదు.

తేదీ: బౌద్ధ శకం 2567, నవంబరు 19.

సంతకం: సంరుయ్ కేవ్‌మణి. గీతలు వణికినా నావే.

రాసినవాడు, మొదటి సాక్షి: సనన్ ఫోథోంగ్. ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను. నేను వద్దన్నవి కూడా రాశాను.

రెండో సాక్షి: లమ్యై కేవ్‌మణి, భార్య. ఈ వీలునామాలో నాకేమీ రాదు. రేపు పొద్దున ధూపం నేనే వెలిగిస్తాను. ఆయన పక్కనే కూర్చుంటాను. మాట మాత్రం ఆయనే చెప్పాలి.