రైల్వే గేటు దగ్గర నా స్కూటర్

1988, శ్రావణ మంగళవారం, రాత్రి

ఇవాళ రైల్వే గేటు ఎత్తగానే అందరికన్నా ముందు దూకింది నా గేర్లులేని స్కూటరే! మొన్నటిదాకా అది కదిలేలోపే వెనక లారీవాడు మీదికొచ్చేవాడు. పోయిన వారం లారీ బంపర్ తగిలి పడబోయాను కూడా. అందుకే ఆదివారం క్లచ్ మూత నేనే విప్పి, లోపలి బరువు రోలర్లు తీసేసి, బండి చటుక్కున అందుకునేలా తేలికవి వేశాను.

మా మరిది మండిపడ్డాడు. "దవాఖానల సూదులేసేదానివి, నీకెందుకు వదినా గీ పని? రోడ్డు మీద స్పీడ్ వోతలేదు సూడు. పాతయి తే, మళ్ల ఏస్త."

హైవే మీద వేగం తగ్గిన మాట నిజమే. చక్రాన్ని తిప్పే లోపలి బెల్టు ఎన్నాళ్లు ఆగుతుందో కూడా తెలియదు. తగ్గనీ. చిరాగ్‌పల్లి ఆసుపత్రి దాకా పోయిరావడానికి నాకంత వేగమెందుకు? గేటు దగ్గర లారీ కింద పడకుంటే చాలు.

పాత రోలర్లు ఎక్కడున్నాయో మరిదికి చెప్పలేదు. ఫ్యాన్ గాలికి ఈ డైరీ పేజీ లేవకుండా నొక్కిపెట్టి ఉన్నాయి.