రావియా కుట్టిన కాలరు

అలెగ్జాండ్రియా,
అక్టోబరు 12, ఆదివారం.

చెల్లెలు రావియాకి,

నీ మీద, నువ్వున్న ఇంటి మీద దేవుడి శాంతి, దయ ఉండాలని కోరుతూ బహీగా రాస్తున్నది. నేను క్షేమం. మీ అక్క, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని, రోజూ దమన్‌హూర్ నుంచి బస్సులో పనికి వచ్చిపోయే మన నఫీసా చెప్పింది. నీ వేలి వాపు తగ్గిందనీ, గోరు మాత్రం ఊడేలా ఉందనీ కూడా చెప్పింది. దమన్‌హూర్‌లో మీ అక్క నిన్ను గిన్నె కూడా తోమనివ్వడం లేదట, మంచి పని చేస్తోంది.

నీ ఫోనులో నా నంబరు మూసేశావు కాబట్టి ఉత్తరం రాయాల్సి వచ్చింది. తిరగ్గొట్టిన చొక్కాలకు గుచ్చే చీటీల మీద తప్ప నా చేతిరాత నువ్వు ఎప్పుడూ చూసి ఉండవు. ఇది విప్పగానే ఏ కుట్టు వంకరపోయిందోనని నీ గుండె దడదడలాడి ఉంటుంది. ఏ కుట్టూ వంకరపోలేదు. స్థిమితంగా కూర్చుని చదువు.

ఇక్కడి కబుర్లు ముందు చెప్పేస్తాను. కాజాల మిషను మళ్ళీ మొరాయిస్తోంది. క్యాంటీనువాడు కుషరీలో పప్పు తగ్గించి మకరోనీ పెంచాడు, అడిగితే ధరలు చూశారా అంటాడు. నీ మిషను మీద ఎవరినీ కూర్చోబెట్టలేదు. కూర్చోమన్నా ఎవరూ కూర్చోరు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇదంతా ఆ కోచ్‌తో మొదలైంది. నీకు సగమే తెలుసు, ఆ సగం కూడా ఎవరో క్యాంటీనులో ఉప్పూకారం అద్ది చెప్పినదే. మొత్తం నా నోట విను.

వసంతంలో నన్ను ఉత్పత్తి విభాగానికి మేనేజరును చేశారు కదా. మిషను మీంచి తనిఖీ బల్లకు, అక్కడినుంచి తలుపు మీద పేరున్న గదిలోకి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. మా అబ్బాయి ఆ తలుపును ఫొటో తీసుకుని కాఫీ హోటల్లో కనబడినవాళ్ళందరికీ చూపించాడు. వేసవి దాటకముందే ఇద్దరు లైను పెద్దలు మానేశారు. ఇద్దరూ నా పేరే చెప్పి పోయారు. డైరెక్టరు మమ్దూహ్ గారు నన్ను పిలిచి, మీకొక కోచ్‌ని పెడుతున్నాం అన్నారు. ఫ్యాక్టరీకి ఫుట్‌బాల్ జట్టు కడుతున్నారేమో, ఈ మోకాళ్ళతో నేనేం పరిగెత్తను అనుకున్నాను. కాదట. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్ళకి తమను తాము చూసుకోవడం నేర్పే మనిషట.

అతని పేరు హాజిమ్. మా అబ్బాయి ఈడువాడే. ప్రతి మంగళవారం ఆ అద్దాల గదిలో కూర్చోబెట్టేవాడు, బయటినుంచి మీరంతా నన్ను చేపల తొట్టిలో చేపను చూసినట్టు చూసేవారు. మొదటిరోజే ప్యాకింగు నుంచి డజను చొక్కాలు తెప్పించి బల్ల మీద పరిచి, వీటి గురించి చెప్పండి అన్నాడు. ఒకదానికి కఫ్ దగ్గర కుట్టు జారింది. ఎందుకు జారిందో, బాబిన్‌కి దారం ఎలా చుట్టి ఉంటారో, ఎవరి చెయ్యో, టీ చల్లారేదాకా చెప్పాను. అతను ఓపిగ్గా అంతా విన్నాడు.

“మరి మిగతావి?” అన్నాడు.

“మిగతావి చొక్కాలు,” అన్నాను.

నవ్వకుండా రాసుకున్నాడు. తర్వాత చెప్పాడు, మనిషి బుర్ర చెడును గట్టిగా పట్టుకుంటుందట, మంచిని జారవిడుస్తుందట. పాతకాలపు మనిషికి పాము కనబడకపోతే ప్రాణం పోయేది, పువ్వు కనబడకపోతే ఏమీ అయ్యేది కాదు, అందుకని అలా తయారైందట. మీకు ఇరవై ఏళ్ళు పామును వెతకడమే ఉద్యోగం అయింది అన్నాడు. తప్పు పట్టడం మానెయ్యమని అనలేదు. తప్పు పక్కనే ఉన్న ఒప్పును కూడా చూసి, చూసిందాన్ని పైకి చెప్పమన్నాడు.

చూడటం నాకు రాక కాదు రావియా. పైకి చెప్పడమే రాదు. మా అన్నయ్య అందంగా పుట్టాడని మా అమ్మ వాడికి నడకొచ్చేదాకా గౌనే తొడిగింది. నేను ముద్దొచ్చినప్పుడల్లా నల్లమొహందానా అని పిలిచేది. పక్కింటావిడ పిల్ల బాగుందంటే, అయిదు వేళ్ళూ నీ కంట్లో అని లోపల్లోపల గొణిగేది. మీ అమ్మ కూడా ఇంచుమించు ఇంతే అయ్యుంటుంది. బాగున్నదాన్ని బాగుందంటే దిష్టి తగిలి పోతుందని నమ్మి పెరిగినదాన్ని, యాభై దాటాక నోరు ఎలా తిరుగుతుంది? నీ కాలర్లు చూసిన ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టాను. వంక దొరకనిరోజు దారప్పోగు మిగిలిందన్నాను. ఆ హాలులో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది నువ్వే. అందరికంటే మంచి పని నీది కాబట్టి, పాలగిన్నె మీద మూత పెట్టినట్టు దానిమీద నా తిట్లు కప్పాను. ఇది తెలివితక్కువతనం అని నువ్వంటే నేను వాదించను.

ఒక మంగళవారం హాజిమ్ పని అప్పజెప్పాడు, ఈ వారం మనుషుల్ని పదిమంది ఎదుట మెచ్చుకోండి, ఊరికే బాగుంది అనకుండా ఏది బాగుందో చెప్పండి అని. అవును, నువ్వు విన్నది నిజమే, అది అతను ఇచ్చిన పనే. కటింగులో బక్ర్ మామను మెచ్చుకున్నాను. ఆయన రోజంతా నన్ను అనుమానంగా చూశాడు. కాజాల సాదియాను మెచ్చుకుంటే, అక్కా, నన్ను తీసేస్తున్నారా అని ఏడ్చింది. నిన్ను మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. నీ దగ్గర నాకు భయం ఎక్కువ.

చివరికి సోమవారం పొద్దున అద్దం ముందు నిలబడి ఆ మాట నాలుగుసార్లు అనుకున్నాను. వచ్చి, నువ్వు కుట్టిన కాలరు ఎత్తి పట్టుకుని, ఈ రెండు మొనలూ చూడండి, కత్తెర మొనతో పొడవకుండా వేళ్ళతోనే తిరగేసింది, ఒక్క పోగు లేవలేదు, నాకు ఇంత బాగా ఎప్పుడూ రాలేదు అన్నాను. నీ మొహం చెవులదాకా ఎర్రబడింది. అద్దం ముందు వల్లించినదాంట్లో లేకపోవడంవల్ల, దిష్టి తగలకుండా చివర అనాల్సిన మాషాఅల్లా అన్న మాట నా నోట రాలేదు. హాలంతా ఆ మాట కోసం ఎదురుచూసింది. నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి అందామంటే సిగ్గేసింది.

మర్నాడు టీ గంట కొట్టకముందే సూది నీ వేల్లో దిగింది.

ఆ తర్వాత ఇక్కడ జరిగింది నీకు తెలియదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆడవాళ్ళు దిష్టి తీయడానికి కాగితంతో బొమ్మ కత్తిరించి, ఒక్కొక్కరి పేరూ చెబుతూ సూదితో గుచ్చి, నీ మిషను దగ్గరే కాల్చారు. పొగ వాసనకు పరిగెత్తుకొచ్చాను. నా పేరు దగ్గర ఎక్కువసార్లు గుచ్చారని సాదియా తర్వాత ఒప్పుకుంది. బట్ట తానుల పక్కన నిప్పు పెడతారా, బుద్ధుందా మీకు అని అరిచాను. దిష్టి పెట్టినదానికే కోపం వస్తుంది అన్నట్టు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటినుంచి నేను ఆ వరసలోకి అడుగుపెడితే మిషన్లు ఆగిపోతున్నాయి, చేతులు ఒళ్ళోకి వెళ్ళిపోతున్నాయి. నోరు తెరిస్తే దిష్టి పెడుతోందంటారు, మూసుకుంటే మొండిఘటం అంటారు. ఆ గదిలో కూర్చుంటే గాలి ఆడటం లేదు.

నేను ఆసుపత్రికి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పలేదు, హాజిమ్‌కి తప్ప. నా కన్ను మళ్ళీ నీ మీద పడితే ఆ గాయం చీము పడుతుందని భయపడ్డాను. నువ్వేమో, బహీగక్క నన్ను మెచ్చుకున్నది కోచ్ ఇచ్చిన పని కోసమే, పని అయిపోయింది, నా వేలు పోయినా ఆమెకు పట్టలేదు అనుకుని రాజీనామా పంపావు. పదకొండేళ్ళలో విన్న ఒక్క మంచి మాటా అబద్ధమే అన్నావట నఫీసాతో. ఆ మాట విన్నరోజు నేను అన్నం తినలేదు.

హాజిమ్‌కి ఈ సూది సంగతి చెబుతుంటే ఆ కీడు తనకు తగలకుండా అతని చెయ్యి మెల్లగా బల్ల కిందికి వెళ్ళి కర్రను తాకింది. నేను చూశానని అతనికీ తెలిసింది. వాళ్ళమ్మ అతని కారులో దిష్టికి నీలిపూస కట్టిందట, తీయడానికి ఇప్పటికీ ధైర్యం లేదట. నాకు ఆ పిల్లాడి మీద మొదటిసారి అభిమానం పుట్టింది. తర్వాత అడిగాడు, ఆ వారం మీరు ఇంకా ఎవరిని మెచ్చుకున్నారు, వాళ్ళకేమైంది అని. సాదియాకి ఏమీ కాలేదు. బక్ర్ మామ కూతురికి సంబంధం కుదిరింది. అది మీ కంటి మహిమ అని ఎవరూ ఎందుకు అనలేదు, మీరైనా ఎందుకు అనుకోలేదు అన్నాడు. అతను చెప్పింది అర్థమైంది, భయం మాత్రం ఇంకా పోలేదు.

ఇక ముఖ్యమైన సంగతి. మమ్దూహ్ గారు పిలిచి తేల్చి చెప్పారు. రాజీనామా వెనక్కి తీసుకున్నట్టు గురువారంలోగా నీ చేత సంతకం పెట్టిస్తే నేను ఆ గదిలో ఉంటాను, లేకపోతే లేదు. నీకు ఏ గడువూ లేదు, నువ్వు ఎప్పుడొచ్చినా నీ కుర్చీ నీదే అన్నారు. గురువారం గడువు నాకే. వెళ్ళి కలవండి, మనసులో ఉన్నది చెప్పండి అని హాజిమ్ అన్నాడు. ఏం చెప్పను? ఇప్పుడు నేనొక మంచి మాట అంటే, కుర్చీ కోసం అంటోంది అనుకుంటావు. అనుకోవాలి కూడా, నీ స్థానంలో ఉంటే నేనూ అదే అనుకుంటాను. చెప్పకపోతే నీ పనికి విలువ లేదని జీవితాంతం నమ్ముతావు. ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

అయినా రాస్తున్నాను. దారం తెగకముందే మిషను చప్పుడు విని ఆపేదానివి నువ్వొక్కదానివే. కొత్తగా చేరిన పిల్ల తప్పు కుడితే, నేను రాకముందే విప్పి కుట్టి దాని బుట్టలో పడేసేదానివి. నేను చూసీ చూడనట్టు పోయేదాన్ని. గళ్ళ బట్టలో కాలరు గీత, చొక్కా గీత ఒక్కటిగా కలిపేదానివి, ఎవరూ అడగకుండానే. మా అబ్బాయి నిశ్చితార్థానికి చొక్కా కావాలంటే ఎవరి బండిల్‌లోంచి తీసి కొన్నాననుకున్నావు?

ఉంటాను. గాయానికి తేనె రాయి, నీళ్ళు తగలనివ్వకు. మీ అక్కకు నా సలాములు.

బహీగా

తా.క. ఈరోజు శనివారం. ఈ ఉత్తరం ఆదివారమే రాయడం అయిపోయింది. నఫీసా రోజూ సాయంత్రం బస్సెక్కేముందు, అక్కా, రావియాకి ఏమైనా ఇవ్వాలా అని అడిగింది. లేదన్నాను. గురువారం దాటేదాకా కావాలనే చేతిసంచిలోనే ఉంచుకున్నాను. నా పేరు తలుపు మీంచి తీసేశారు. ఈ పొద్దుటినుంచి మళ్ళీ తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నాను, హాజిమ్ కూడా ఇక రాడు. ఇప్పుడు నీ సంతకం వల్ల నాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. వస్తే రా, లేకపోతే లేదు. పైన రాసినదాన్ని మాత్రం మళ్ళీ మొదటినుంచి చదువు.