తొమ్మిది మధ్యాహ్నాల జీతం

2023 ఏప్రిల్ 3, సోమవారం

మిల్లు ఆగింది. నూలు కొనేవాడు లేడట. గోడౌన్లో కోన్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. మూసేయలేదు, లే-ఆఫ్ అన్నారు. మూసేస్తే ఇంట్లో కూర్చుని ఏడవొచ్చు. లే-ఆఫ్ అయితే రోజూ మధ్యాహ్నం రెండింటికి గేటు దగ్గరికి వచ్చి, సంతకం పెట్టి, పని లేదు పొమ్మని చెప్పించుకుని, అప్పుడు వెళ్లి ఏడవాలి. అలా చెప్పించుకున్నందుకు సగం జీతం. ఇదంతా మా హెచ్చార్ మేనేజర్ శివరామకృష్ణ గారు మైకులో చదివారు. ఆయన గొంతు బాగుంటుంది. చావు కబురు చదివినా పెళ్లి పత్రిక చదివినట్టుంటుంది.

ముప్పై ఏళ్లుగా ఇక్కడ నూలు వడికే రింగ్‌ఫ్రేమ్ మిషన్ల ఫిట్టర్ని. బడికి వెళ్లింది తక్కువ. ఇంగ్లీషు నేర్చుకుంది మిషన్ల మీద రాసిన అక్షరాల్లోంచి. డేంజర్, స్టాప్, ఆయిల్ హియర్, ఇవి నాకు గట్టిగా వచ్చు. ప్లీజ్ అనే మాట ఏ మిషన్ మీదా లేదు.

మా ఆవిడ బసవమ్మకి చెప్పాను. సగమో పావో, ముందు నా పళ్ల సంగతి చెప్పవయ్యా అంది. మార్చిలో పెదకాకాని డాక్టరు ఆమె పైపళ్లన్నీ పీకేశాడు. కొత్త సెట్టు తయారై ఆయన అద్దాల బీరువాలో కూర్చుంది. ఇంకో రెండువేల ఐదొందలు కడితే బయటికొస్తుంది. అప్పటిదాకా మా ఇంట్లో పూటకో రకం జావ.

ఏప్రిల్ 12, బుధవారం

గేటు ముందు నీడ అనేది లేదు. రేషన్ దగ్గరైనా గ్యాస్ బండి దగ్గరైనా మనకి తెలిసిన పద్ధతి ఒకటే. చెప్పులు లైనులో, మనిషి నీడలో. మొదటి రోజు ఒకడు వదిలాడు, మర్నాటికి రోడ్డు పొడుగునా చెప్పులే. మేమంతా ఎదురుగా టీ బంకు రేకుల కింద. రెండింటికి సైరన్ మోగగానే అందరూ పరిగెత్తి ఎవరి చెప్పుల్లో వాళ్లు దూరి నిలబడతారు. ఒక్కోసారి ఒకడి కాళ్లు ఇంకొకడి చెప్పుల్లో. అక్కడ కాసేపు బూతులు.

నేను పరిగెత్తను. నా దగ్గర కథ నడుస్తూ ఉంటుంది. కనిగిరి కొండ మీద కోతికి బీడీ అలవాటు చేసి, చివరికి దానికి బీడీలు కొనలేక అప్పులపాలైన మా మేనమామ కథ ఇవాళ చెప్పాను. అలాంటిదాన్ని మధ్యలో వదిలి లేవడం నాకు చేతకాదు. వినేవాళ్లు ఒకరిద్దరు మిగులుతారు. కొస చెప్పి, గ్లాసు కడిగి ఇచ్చి, నిదానంగా వెళ్లి సంతకం పెడతాను. ఎవరూ ఏమీ అనలేదు.

మాబు సాహెబ్ ఒక్కడే ఒంటిగంట నుంచి ఎండలో, నెత్తిన తడి తువ్వాలుతో. పత్తి దులిపే బ్లోరూములో పనిచేస్తాడు, నాతోపాటు చేరినవాడు. రోజాలో ఉన్నాడు. ఒరేయ్ మాబూ, నీడకి రారా, చస్తావు అని కేకేశాను. టీ వాసనకి నా ఉపవాసం బరువెక్కుద్ది, నీ కథలకి ప్రాణమే బరువెక్కుద్ది, నన్నిక్కడే ఉండనీరా యలమందయ్యా అన్నాడు.

ఏప్రిల్ 22, శనివారం

రంజాన్. మాబు భార్య జానీబీ సేమ్యా పాయసం పంపింది. నమిలే పని లేదు కాబట్టి మా ఆవిడ గిన్నె మొత్తం ఖాళీ చేసి, నాకు గిన్నె చూపించింది.

మే 8, సోమవారం

జీతం స్లిప్పు వచ్చింది. నాకు తొమ్మిది రోజులు కోత. రెండువేల నాలుగొందల డెబ్భై అయిదు రూపాయలు. పళ్ల బాకీకి పాతిక రూపాయలే తక్కువ. లెక్క కట్టినవాడెవడో మా బసవమ్మ నోరు చూసి కట్టినట్టుంది.

అడగడానికి ఆఫీసు మేడెక్కాను. శివరామకృష్ణ గారు కుర్చీ వేయించారు, మంచినీళ్లు ఇప్పించారు, తర్వాత ఫోన్లో ఫోటోలు చూపించారు. రోజూ సైరన్ మోగగానే కిటికీలోంచి లైనుని ఫోటో తీశారట. తొమ్మిది ఫోటోల్లో నేను లేను. నా చెప్పులున్నాయి. ఎడమ చెప్పుకి నేను వేసుకున్న ఆకుపచ్చ నైలాన్ కుట్టుతో సహా.

నియమిత సమయానికి హాజరు కావాలి అని రూలు పెద్దాయనా అన్నారు. రిజిస్టర్లో సంతకం ఉంది కదండీ అన్నాను. సంతకం తర్వాత పెట్టారు, రెండింటికి వచ్చింది మీ చెప్పులు, చెప్పులకి లే-ఆఫ్ ఇచ్చే రూలు నాకు కనపళ్లేదు, ఉంటే జతకి ఇంతని ఇచ్చేవాణ్ణి అన్నారు. గదిలో అందరూ నవ్వారు. అకౌంట్స్ అమ్మాయి బిందుమాధవి ఒక్కతే తల దించుకుని కంప్యూటర్ చూస్తోంది. చాలా బాగున్న జోకు. నాదైతే ఇంకా బాగుండేది.

మే 9, మంగళవారం

గుంటూరు వెళ్లి పాత పుస్తకాల బండి మీద కార్మిక చట్టాల పుస్తకం కొన్నాను. తెలుగులోదే. బండివాడు వంద అడిగాడు, అట్ట లేదని అరవైకి ఇచ్చాడు. లే-ఆఫ్ అధ్యాయం మూడుసార్లు చదివాను. రోజుకొకసారి వచ్చి హాజరు చెప్పుకోవాలి అని ఉంది. సంతకం కంటే హాజరు ఏముంది? కిటికీ, ఫోటో అనే మాటలు ఎక్కడా లేవు.

టీ బంకు దగ్గర చదివి వినిపించాను. అందరూ చెప్పులు తొడుక్కునే విన్నారు. నువ్వు వదలకు మావా, నువ్వు గెలిస్తే మాకూ వస్తాయి అన్నారు. ఇంకా ఆరుగురికి ఒకటీ రెండు రోజులు పోయాయి. ఇదంతా మావకి ఇంగ్లీషు మిషన్లు నేర్పిన బుర్ర అని ఒకడన్నాడు. ఆ మాట ఇంటికొచ్చేదాకా నాతోనే నడిచింది.

మే 11, గురువారం

బిందుమాధవి గేటు బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచింది. అద్దంకి పిల్ల, బీకాం చదివింది, నన్ను బాబాయ్ అంటుంది. గుంటూరు లేబర్ ఆఫీసుకి వెళ్లకండి బాబాయ్, మీ తొమ్మిది రోజులు వచ్చే రెండు నెలల్లో ఎక్కడో ఒకచోట నేను సర్దేస్తాను, ఫైలు మాత్రం కదిలించకండి అంది. ఎందుకమ్మా అన్నాను. చెప్పలేను అంది. ఎవరు చెప్పమన్నారు అన్నాను. ఎవరూ లేదు, నా మాటగా వినండి అంది. కళ్లలో నీళ్లు కూడా పెట్టుకుంది.

నేను ముప్పై ఏళ్లు మిల్లులో ఉన్నవాణ్ణి. భయపడింది ఎవరో నాకు తెలియదూ? కంపెనీ వణుకుతోందిరా, ఆడపిల్లని రాయబారం పంపింది అని బంకు దగ్గర చెప్పాను. ఆ పిల్ల చున్నీతో కళ్లు ఎలా ఒత్తుకుందో చేసి చూపించాను. ఒకడికి నవ్వలేక టీ పొలమారింది. ఆమె ఇంకా రోడ్డు దాటలేదు. విన్నట్టుంది.

మే 15, సోమవారం

లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చాను. మిర్చియార్డు ఘాటుకి బస్సు మొత్తం తుమ్ముతూనే ఉంది. అర్జీ కింద నా మాటగా ఒక ముక్క కలిపాను. మా లే-ఆఫ్ జీతం మొదటి నుంచి చివరి దాకా చట్ట ప్రకారం మళ్లీ లెక్క కట్టించగలరు అని. వాక్యం గంభీరంగా కుదిరింది. గుమస్తా కూడా రెండుసార్లు చదివాడు.

జూన్ 7, బుధవారం

మే నెల సగం జీతం పూర్తిగా వచ్చింది. ఏడువేల నూట యాభై. అందరికీ అంతే. మొత్తం బియ్యానికీ అద్దెకీ పోయింది. బసవమ్మ అడగలేదు. నేనే చెప్పాను, హియరింగ్ అయిన మర్నాడు మీ పళ్లు ఇంటికొస్తాయండీ అని. నీకు నోరు ఎక్కువైంది, నాకు పళ్లు తక్కువయ్యాయి, దేవుడు సమానం చేశాళ్లే అంది.

జూన్ 14, బుధవారం

గెలిచాను.

వరసగా రాస్తాను. ఆఫీసరమ్మ నా సంతకాలు చూసింది, ఆ ఫోటోలు చూసింది. సంతకం ఉంటే హాజరే, తొమ్మిది రోజులూ ఇవ్వండి, మిగతా ఆరుగురికీ ఇవ్వండి అని చెప్పేసింది. శివరామకృష్ణ గారు తల ఊపారు. నా వెనక మాబు సాహెబ్ నా వీపు తట్టాడు, తోడుగా వచ్చాడు. అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది.

ఆఫీసరమ్మ అర్జీ కింది ముక్క చదివింది. మొత్తం లెక్క మళ్లీ కట్టమన్నారుగా, షీటు ఏదీ అంది. మేనేజరు ఇచ్చారు. ఆమె చాలాసేపు చూసింది. సగం దేనిమీద కట్టారు అని అడిగింది. ఆయనకి తెలియదు. చట్టం ప్రకారం బేసిక్, డీఏలో సగం ఇవ్వాలి, మీరు ఇంటద్దె, నైట్ అలవెన్సు, టిఫిన్ డబ్బులు అన్నీ కలిపి సగం ఇస్తున్నారే అంది. మేనేజరు అక్కడే బిందుమాధవికి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. సగం అన్నారు కదా సార్, వచ్చేదాంట్లో సగం అనుకున్నాను అంది ఆ పిల్ల. ఆ గొంతులో అనుకోవడం ఏమీ లేదు.

కంపెనీ తన ఇష్టంతో ఎక్కువ ఇస్తే నాకు అభ్యంతరం లేదు అంది ఆఫీసరమ్మ, మంచిదే. మేనేజరు నా వైపు తిరిగారు. చట్ట ప్రకారం కావాలన్నది పెద్దాయనే కదండీ, కంపెనీ చట్టం దాటదు అన్నారు, ఆ మంచి గొంతుతో.

అలా కడితే సగం అంటే అయిదువేల రెండొందలు. రెండు నెలలకి తలా మూడువేల తొమ్మిది వందలు వెనక్కి కట్టాలి. నా తొమ్మిది రోజులూ కలిపాక కూడా నేను పద్నాలుగొందల పాతిక బాకీ. నాకే అందరికంటే తక్కువ. మేనేజరు కరచాలనం చేశారు. మీవల్ల కంపెనీకి లక్షలు మిగిలాయి, శాలువా కప్పాలి మీకు అన్నారు.

బస్సులో మాబు సాహెబ్ వేరే సీట్లో కూర్చున్నాడు.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. బేసిక్, డీఏలో సగం. అక్కడే ఉంది. ఆ వాక్యం కింద నేనే పెన్సిల్‌తో గీత కూడా గీశాను.

జూన్ 15, గురువారం

బిందుమాధవిని తీసేశారు.

జూన్ 19, సోమవారం

గేటు దగ్గర ఎవరూ నాతో మాట్లాడలేదు. చట్టం చట్టమే కదరా, నేను రాశానా అన్నాను. ఎవరూ తిరగలేదు. మాబు సాహెబ్ దగ్గరికి వెళ్లి ఒరేయ్ మాబూ అన్నాను. పండక్కి పిల్లలకి కుట్టించిన బట్టలున్నాయి, విప్పించి పంపమంటావా, జానీబీ పంపిన పాయసం కూడా లెక్కలో రాసుకో అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

మధ్యాహ్నం పంపు దగ్గర ఆడవాళ్లు బసవమ్మని పట్టుకున్నారట. నీ మొగుడి నోట్లో మా అన్నం పడిందే అన్నారట. తిరిగి ఏదో అనబోయింది. పళ్లు లేని నోట్లోంచి మాట సగం గాలిగా వచ్చింది. ఆ గాలిని ఒకావిడ అనుకరించి చూపించిందట. అందరూ నవ్వారట. బిందె వదిలేసి వచ్చింది. నేను వెళ్లి తెచ్చాను.

జూన్ 27, మంగళవారం

బస్టాండులో బిందుమాధవి కనిపించింది. అద్దంకి బస్సు కోసం, రెండు సంచులతో. తప్పించుకుందామనుకున్నాను, ఆమే పిలిచింది.

తెలిసే కట్టాను బాబాయ్ అంది. హెడ్డాఫీసువాళ్లు కింద మొత్తం చూసి సంతకం పెడతారు, మధ్యలో చూడరు, మిల్లు తెరిచేదాకా అలా నడిచిపోయేది అంది. అయితే ఆ రోజు నాకు చెప్పకపోయావా తల్లీ అన్నాను. మీకు చెబితే సాయంత్రానికి టీ బంకులో కథ అయ్యేది కదా అంది. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. సంచి ఎత్తబోయాను. వద్దు బాబాయ్ అని తనే ఎత్తుకుంది.

ఆఖరి నెల జీతం ఆమెకి ఇవ్వలేదట. ఎక్కువిచ్చిన డబ్బు కింద పట్టుకున్నారట. అర్జీ పెట్టమ్మా, చట్టం ఉంది అన్నాను. అనకుండా ఉండాల్సింది. బస్సు ఎక్కేదాకా నా మొహం చూడలేదు.

జూలై 10, సోమవారం

మిల్లు తెరిచారు. నెలనెలా ఆరొందల యాభై చొప్పున అందరికీ కోస్తారట. నాది మూడో నెలకే తీరిపోతుంది. ఈ సంగతి కూడా అందరికీ తెలుసు.

క్యాంటీన్లో నేను కూర్చున్న బల్ల వెడల్పుగా కనిపిస్తోంది. కోతీ బీడీల కథ నాకు నేనే చెప్పుకున్నాను. కొస బాగాలేదు. ఇన్నాళ్లూ ఎందుకు నవ్వారో.

ఆగస్టు 14, సోమవారం

జీతం రాగానే కోత పోను మిగిలిన దాంట్లోంచి రెండువేల ఐదొందలు పెదకాకాని డాక్టరుకి కట్టాను. బీరువా తెరిచి సెట్టు తీశాడు. దుమ్ము తుడిచాడు. బసవమ్మ దారిలో రెండు జామకాయలు కొని సంచిలో వేసుకుంది, తిరిగొచ్చేటప్పుడు బస్సులో కొరకడానికి.

పెట్టాడు. జారింది. మళ్లీ పెట్టాడు. మాట్లాడమ్మా అన్నాడు. ఏమయ్యా అనబోయింది నన్ను, సెట్టు ఒళ్లో పడింది. ఇన్ని నెలలు ఆలస్యం చేశారు, చిగుళ్లు కుంచించుకుపోయాయి, ఇది ఇంక పట్టదు, కొలత తీసుకుని కొత్తది చేయాలి అన్నాడు. ఆ డబ్బో అన్నాను. అది ఈ సెట్టుదండీ అన్నాడు. నిజమే, లెక్క సరిగ్గానే ఉంది.

వాదించలేదు. జీవితంలో మొదటిసారి. బసవమ్మ సెట్టుని రుమాల్లో కట్టుకుంది. జామకాయలు బస్సులో పక్క సీటు పిల్లకి ఇచ్చింది.

సెప్టెంబరు 8, శుక్రవారం

జీతాల రోజు. శ్రీకాకుళం నుంచి కొత్తగా చేరిన అమ్మాయి లైనులో నా ముందు నిలబడింది. యలమందయ్య కటింగ్ అంటే ఏంటి తాతా, అందరూ స్లిప్పు చూసి తిడుతున్నారు అని అడిగింది. లే-ఆఫ్ కోతకి పెట్టుకున్న పేరమ్మా అన్నాను. యలమందయ్య ఎవరు అంది. పోయాడమ్మా అన్నాను. పాపం, ఎలా పోయాడు అంది.

లైను కదిలింది.