ఆలస్యంగా అందిన సెలవు చీటీ

మారేడ్‌పల్లి,
ఆదివారం సాయంత్రం.

అక్కయ్యకు,

ప్రభువు దయవల్ల ఈ ఆదివారం దాకా నడిచి వచ్చానని ముందుగా చెప్పి, చెల్లెలు సుగుణ వందనాలతో రాసుకునేది. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? నా ఆరోగ్యానికేమీ లోటు లేదు. పేపర్లు చదివి భయపడకు.

ఎండలు ముదిరాయి. కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. ఎండు మెత్తళ్ళు ఇప్పుడు పంపకు. వేయిస్తే ఇల్లంతా చేపల కంపంటోంది ఇంటావిడ. మొన్నటిదాకా ఆ వాసనకే గిన్నె పట్టుకుని వచ్చేది. వేరే రాష్ట్రం కావాలన్న ఊరేగింపులు మొదలయ్యాక, "ఏం టీచరమ్మా, మీ ఆంధ్రకు ఎప్పుడు పోతరు?" అని నవ్వుతూ అడిగింది. "నేను పోతే మీ అమ్మాయికి ఇంగ్లీషు ఎవరు చెబుతారు?" అని నేనూ నవ్వాను. ఈ వారం ఆ పిల్లను పాఠానికి పంపలేదు. అయినా నా గురించి భయపడకు.

ఆడపిల్లలు చదువులు మానుకుని వీధుల్లోకి ఎందుకు వెళ్తున్నారని అడిగావు. మనస్తత్వశాస్త్రం చెప్పేదాన్ని, నాకు తెలుస్తుందనుకున్నావు. నేనూ అలాగే అనుకున్నాను. అన్యాయం జరిగిందన్న కోపం, పక్కవాళ్ళు వెళ్తున్నారన్న ధైర్యం అని బోర్డు మీద రాసేదాన్ని. స్వరూప సంగతి వాటిలో దేనికిందకూ రావడం లేదు.

స్వరూప నా క్లాసు పిల్ల. ఇల్లు సీతాఫల్‌మండిలో, తల్లి బట్టలు ఇస్త్రీ చేస్తుంది. విద్యార్థుల మొదటి సమ్మె రోజున రానివాళ్ళందరికీ ఎప్పటిలాగే రిజిస్టరులో ఆబ్సెంటు వేశాను. మర్నాడు ఆ పిల్ల సెలవు చీటీ తెచ్చింది, జ్వరమని, కింద తల్లి వేలిముద్రతో. చీటీ ముందే అందాలన్నది నా పట్టుదల, నీకు తెలుసుగా. సొరుగులో పడేశాను, రిజిస్టరు దిద్దలేదు. వారం తిరక్కుండా ప్రిన్సిపాలు గారు ఆ రోజు రానివాళ్ళ పేర్లు అడిగారు. రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఎందుకని అడగలేదు. ఆ జాబితా పోలీసులకు వెళ్ళింది.

స్వరూప తల్లి కాలేజీకి వచ్చింది. "గా దినం దానికి ఒళ్ళు కాలిపోతుండె మేడం. నేనే పండవెట్టిన. పోలీసాయన ఇంటికొచ్చి మీ పిల్ల ఎవ్వరెంబడి పోయిందని అడుగుతుండు. జెర మీరు చెప్పుండ్రి."

సొరుగులోంచి చీటీ తీసుకుని పరుగెత్తాను. "ఆలస్యంగా వచ్చిన చీటీ చెల్లదని స్టాఫు మీటింగులో వాదించింది మీరే కదండీ," అని ప్రిన్సిపాలు గారు దాన్ని తిరిగి నా చేతిలో పెట్టారు.

తర్వాతి ఊరేగింపుకు ముందురోజు స్వరూప వరండాలో కనబడింది. వెళ్ళవద్దన్నాను.

"పోకముందే పోయిన అని రాసిండ్రు గద మేడం. ఇంట్ల ఉన్నా పరేషానే. ఆడికి పోతే నాతోని నలుగురుంటరు," అంది. కోపంగా కూడా అనలేదు.

వెళ్ళింది. లాఠీ దెబ్బకు కుడి మణికట్టు విరిగింది. నెల తిరిగితే పరీక్షలు.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. పిల్ల నిద్రపోతోంది. తల్లి స్టూలు చూపించింది. "కూసోండ్రి. మిమ్మల్ని మస్తు తిట్టాలనుకున్న. ఇప్పుడు తిట్టబుద్ధి అయితలేదు," అంది. తిట్టి ఉంటే బాగుండేది అక్కయ్యా.

ఇప్పుడు నా బల్ల మీద మరో కాగితం ఉంది. స్వరూపనూ మరో ముగ్గురినీ కాలేజీ నుంచి తీసెయ్యడానికి క్లాసు టీచరుగా నేను సంతకం చెయ్యాలి. ఈసారి అందులో రాసింది నిజం. ఆ పిల్ల ఊరేగింపుకు వెళ్ళింది. నిజం కావడమే నన్ను తినేస్తోంది.

రేపటి నుంచి ఆ నలుగురి తల్లులూ కాలేజీ గేటు ముందు నిరాహార దీక్షకు కూర్చుంటున్నారు. సంతకం లేని ఆ కాగితం తిరిగి ఇచ్చేసి నేనూ కూర్చుందామనుకుంటున్నాను. వాళ్ళడిగే రాష్ట్రం సంగతి నాకింకా తేలలేదు. మరి ఎందుకు వెళ్తున్నట్టు? చేసిన తప్పు కడుక్కోవడానికా? పలకరించే మనిషి లేని ఈ గదిలో కన్నా ఆ గుడారం కింద నలుగురుంటారనా? పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఇంత కష్టం అనిపించలేదు. అసలు ఆ తల్లులు నన్ను పక్కన కూర్చోనిస్తారో లేదో.

ఉద్యోగం పోతే అక్కడికే వస్తాను, మెత్తళ్ళు అప్పుడు తింటాను. భయపడకు.

పెద్దమ్మకు, పాస్టరమ్మగారికి నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. కుటుంబ ప్రార్థనలో స్వరూప కుడిచేతిని జ్ఞాపకం చేసుకోండి. నన్ను దీవించమని బావగారిని అడిగానని చెప్పు.

రేపటికి నా సెలవు చీటీ ఇందాకే రాశాను. ముందురోజే అందాలి కదా, చీకటి పడకముందే ప్రిన్సిపాలు గారింట్లో ఇచ్చి వస్తాను. కారణం అన్నచోట ఏం రాయాలో ఇంతసేపూ తోచలేదు. ఖాళీగానే ఇస్తున్నాను.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
సుగుణ