రెండో రక్త పరీక్ష గురించి

జగ్గయ్యపేట

డాక్టర్ గారికి నమస్కారం.

ఉబ్బసానికి స్టెరాయిడ్ పీల్చాక రక్షణ కణాల మీద హిస్టమిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు మారతాయేమో చూడడానికి మీరు మా మహిమ రక్తం రెండుసార్లు తీసుకున్నారు. ఏ మార్పూ లేదని ఆశ్చర్యపోయారు.

తప్పు మందుది కాదండి. ఆయాసం తగ్గగానే మా అత్తగారు, "స్టెరాయిడా? పిల్ల ఎముకలు గుల్లయిపోతాయే" అన్నారు. నేను మందు ఆపేశాను. గడి ఖాళీగా ఉంచడం చేతకాక, మందు పీల్చినప్పుడల్లా గుర్తు పెట్టమని మీరిచ్చిన కాగితంలో మాత్రం రెండు పూటలా టిక్కు పెట్టాను. "పీల్చకుండానే టిక్కా అమ్మా?" అని మహిమ నవ్వేది.

పన్నెండు రోజుల క్రితం మళ్లీ ఆయాసం వచ్చింది. మీ దగ్గరికి తెస్తుంటే, నందిగామ చేరకముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

దయచేసి మందు పనిచేయలేదని రాయకండి. వాళ్లమ్మ ఇవ్వలేదని రాయండి.

ఇట్లు,
మహిమ తల్లి