ఓనర్ ఎవరండీ

రాజోలు.

చిరంజీవి ఫిలిప్‌కి అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ నాన్నగారూ క్షేమంగా ఉన్నాం. బెంగుళూరులో నువ్వు కూడా ఒంట్లో బాగుండి వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. ఎప్పుడూ అందరం క్షేమం అని రాసేదాన్ని. ఈసారి ఆ మాట రాయబోయి ఆగిపోయాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం అందింది. హాస్టల్లో ఉన్నప్పటి అలవాటు ఉద్యోగం వచ్చాక కూడా మానకుండా కాగితం మీద రాస్తున్నందుకు మీ నాన్నగారికి గర్వం. ఆయన మోకాలి సంగతి అడిగావు. అమలాపురం డాక్టరుగారు మందు మార్చాక నొప్పి తగ్గింది, చర్చికి నడిచే వెళ్తున్నారు. నువ్వు పంపిన చొక్కా భుజాల దగ్గర బిగువైంది, అయినా అదే వేసుకుంటున్నారు. పెరట్లో సపోటా కాసిందా అన్నావు. కాసింది గాని గబ్బిలాలు మనకేమీ మిగల్చలేదు.

ఆఫీసులో నిన్ను పెద్ద టీములోకి మార్చారని రాశావు. నువ్వు నెట్లో పెట్టిన ఆ వీడియో వల్లే నీ పేరు పైవాళ్ళకి తెలిసిందని, మా కాలేజీ పిల్లలు చేసిన వెబ్ పేజీలు ఇంకేవైనా ఉంటే పంపమని, రెండో భాగం చేస్తానని కూడా రాశావు. దానికి జవాబు తర్వాత రాస్తాను. ముందు మొదటి భాగం ఏమైందో నువ్వు వినాలి. ఫోన్లో చెప్పబోతే నవ్వేసి మాట మార్చావు.

వెబ్ డిజైను పాఠం మా కాలేజీలో ఈ ఏడే పెట్టారని నీకు తెలుసు. ఇన్నేళ్ళూ పిల్లలకి కోడ్ రాయడం నేర్పాను గాని, పేజీ చూడ్డానికి ఎలా ఉండాలో నాకు మాత్రం ఏం తెలుసు? ఆదివారాలు చర్చి నుంచి రాగానే నీకు ఫోన్ చేసి నేర్చుకున్నాను. చూసేవాళ్ళ కన్ను ముందు పెద్దగా ఉన్నదాని మీదికి పోతుందన్నావు. మనిషి మొహం గనక ఉంటే అన్నిటికన్నా ముందు అక్కడికే పోతుందన్నావు. పక్కపక్కన పెట్టినవి రెండూ ఒకే జాతివి అనుకుంటారన్నావు. ఖాళీ జాగా వృథా కాదు, చూసేవాడికి అది ఊపిరి అన్నావు. నీ మాటలే బోర్డు మీద రాసి చెప్పాను. పిల్లలు ఇష్టంగా విన్నారు. తర్వాత ఎవరింట్లో వాళ్ళు చేసే పనికి ఒక పేజీ తయారుచేసి తెమ్మన్నాను. కొబ్బరి కొట్టు, టైలరింగు షాపు, రొయ్యల చెరువు, ఆఖరికి బ్యాండు మేళం కూడా వచ్చింది.

శివశంకర్ అనే కుర్రాడు అంతర్వేది పల్లిపాలెం నుంచి బస్సులో వస్తాడు. తండ్రి సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. తల్లి పేరు చిన్నమ్మలు. రేవు దగ్గర పాకలో ఎండు చేపలు అమ్ముతుంది. వాడు తల్లి కొట్టుకి పేజీ చేశాడు. పేజీ అంతా పసుపు. దాని మీద ఎర్రక్షరాలు, చుట్టూ మెరిసే చుక్కలు. నడిమధ్యన చేతులు జోడించి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ వాళ్ళమ్మ. పేజీ తెరవగానే ‘రండి బాబూ రండి, రుచి చూసి కొనండి’ అని ఆవిడ గొంతే వినిపిస్తుంది. క్లాసులో పిల్లలు నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు.

“అంత పసుపెందుకు బాబూ?” అన్నాను.

“మా అమ్మకి పసుపంటే ఇష్టమండి. ఫోటో కోసం కొత్త చీర కట్టుకుందండి. ఇంకా పెద్దది చెయ్యరా అందండి” అన్నాడు. వాడి మొహంలో ఎంత సంతోషమో.

దాన్ని ఫోన్లో రికార్డు చేసి నీకు పంపాను. పిల్లాడి మనసు నొప్పించకుండా ఎలా సరిదిద్దాలిరా అని అడిగాను. నువ్వు దానికి జవాబివ్వలేదు. వీడియో చేశావు.

ఆవిడ మొహం కూడా దాచలేదు. “కళ్ళద్దాలు పెట్టుకోండి, తర్వాత కళ్ళు పోయాయని నన్ననకండి” అని మొదలుపెట్టావు. రంగుల గురించి, అక్షరాల గురించి చెప్పినంతసేపూ అది పాఠమే, కాదనను. తర్వాత ఫోటో దగ్గరికొచ్చావు. “పక్కపక్కన పెట్టినవి ఒకే జాతి అనిపిస్తాయని డిజైన్లో ఒక రూలుంది. ఇక్కడ చేపనీ, ఆంటీనీ పక్కపక్కన పెట్టారు. ఇందులో ఎండు చేప ఏదో, ఓనర్ ఎవరో చెప్పుకోండి చూద్దాం” అన్నావు. వెనకాల జనం నవ్విన చప్పుడు కూడా అతికించావు.

నేను విమర్శించింది డిజైన్ని గాని మనిషిని కాదు అని ఉత్తరంలో రాశావు. ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ వాక్యం నువ్వే నమ్ముతున్నావా నాయనా?

మర్నాటికి అది మా క్లాసులో అందరి ఫోన్లలోనూ ఉంది. శివశంకర్ ఎవరితోనూ పోట్లాడలేదు. వెనక బెంచీలో కూర్చుని కొత్త పేజీ చేశాడు. తెల్లటి పేజీ, సన్నటి నల్లక్షరాలు, కావలసినంత ఖాళీ. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వాళ్ళమ్మ ఫోటో తీసేశాడు. గొంతూ తీసేశాడు. కొట్టు పేరులోంచి ఆవిడ పేరు కూడా తీసేశాడు. క్లాసులో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే వేయాల్సి వచ్చింది. వేశాను. వాడు ఆ మార్కుల వైపు చూడను కూడా చూడలేదు.

అక్కడితో ఆగితే నీకు రాసేదాన్ని కాదేమో. వీడియోలో కొట్టు పేరూ ఊరూ చూసి జనం పల్లిపాలెం వెళ్ళడం మొదలుపెట్టారు. బైకుల మీద కుర్రాళ్ళు గుంపులుగా వెళ్ళి, పాక ముందు నిలబడి, చాలా మర్యాదగా “ఓనర్ ఎవరండీ?” అని అడుగుతారు.

“నేనే బాబూ, నేనే ఓనర్ని. రండి, కూర్చోండి” అంటుంది చిన్నమ్మలు.

వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతారు. ఆవిడ కూడా వాళ్ళతో కలిసి నవ్వుతుంది. అవన్నీ వాళ్ళే వీడియోలు తీసి పెట్టారు, నేను చూశాను. కొడుకు చేసిన పేజీ చూసి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారని ఆవిడ నమ్మకం. వచ్చినవాళ్ళ కోసం ప్లాస్టిక్ కుర్చీలు కొంది. నెత్తళ్ళు వేయించి ఊరికే పెట్టేది. ఒకడు ఎండు సావిడాయి చేపని ఆవిడ చెంప పక్కన పట్టుకుని ఫోటో తీయమన్నాడు. ఆవిడ జుట్టు సర్దుకుని, చీర కొంగు లాక్కుని, ఫోటోకి నిలబడింది.

అప్పుడే శివశంకర్ బస్సు దిగాడు. చేప పట్టుకున్నవాణ్ణి రెండు చేతులతోనూ తోసేశాడు. ఆ కుర్రాడు రేవు మెట్ల మీద పడ్డాడు. మణికట్టు విరిగింది. వాడి వాళ్ళు కేసు పెట్టారు. శివశంకర్‌ని పోలీసులు తీసుకెళ్ళినప్పుడు స్టేషన్లో కూడా ఎవరో “ఓనర్‌గారి అబ్బాయివా” అని అడిగారట.

కేసున్న కుర్రాడు వద్దని కాలేజీలో పేరు కొట్టేశారు. నేను ప్రిన్సిపల్‌గారి దగ్గరికెళ్ళి బతిమాలాను. ఆయన అంతా విని, “కుర్రాడి సంగతి కష్టమేనండి. అదలా ఉంచండి, మీ అబ్బాయిగారి వీడియో వల్ల మన కాలేజీ పేరు బయటికొచ్చిందండి. కాలేజీ డేకి ఆయన్ని ముఖ్య అతిథిగా పిలుద్దామండి” అన్నారు. ఆ ఆహ్వానం ఈపాటికి నీకు చేరే ఉంటుంది.

కుర్రాణ్ణి చూసొద్దామని నేనొక్కదాన్నే పల్లిపాలెం వెళ్ళాను. చిన్నమ్మలు ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

“ఆయ్, రండి మేడంగారూ. మీ చలవేనండి ఇదంతాను. మా వాడికి విద్య చెప్పేరు. ఆడే దాన్ని నేలపాలు చేసుకున్నాడు.”

శివశంకర్ పాక వెనక వల బాగుచేస్తున్నాడు. మా మాటలన్నీ వాడికి వినబడుతూనే ఉన్నాయి.

“నలుగురూ నన్ను వెతుక్కుంటూ వస్తంటే ఓర్వలేకపోయేడండి. తల్లి చేపలమ్ముకుంటందని నామోషీ. ఈ చేపలతోనే కదండీ ఆణ్ణి పెంచేను. పాపం, పెద్దింటి పిల్లలు సరదాగా ఫోటో తీసుకుంటంటే చెయ్యిరగ్గొట్టేడు. కన్నకొడుక్కే నేను పనికిరాకపోయాక ఆడికి కూడెందుకు పెట్టాలండి? మానేశాను. ఆడే వండుకుంటన్నాడు.”

నేను వాడి వైపు చూశాను. వాడు తలెత్తి, వద్దన్నట్టు మెల్లగా తలూపాడు. అప్పుడర్థమైంది నాకు. వాడు మొదటి రోజు నుంచీ తల్లి తిట్లన్నీ పడుతూ నోరు మూసుకునే ఉన్నాడు. అసలు సంగతి ఆవిడకి తెలియకూడదని.

ఫిలిప్, ఇంతవరకూ నీకూ మీ నాన్నగారికీ చెప్పని మాట ఇది. ఆవిడకి నేను చెప్పేశాను. వాడు వద్దంటున్నా చెప్పాను. ఏ తప్పూ లేని కొడుకుని తల్లి అలా తిడుతుంటే ఊరుకోలేకపోయాను. వాళ్ళెందుకు నవ్వుతున్నారో, ఓనర్ ఎవరని ఎందుకడుగుతున్నారో, అంతా చెప్పాను. ఆవిడ నమ్మలేదు. చూపించమంది.

చూపించాను. నీ వీడియో మొత్తం, చివరి నవ్వు దాకా వింది. మళ్ళీ పెట్టమంటే మళ్ళీ పెట్టాను. రెండోసారి తన ఫోటో రాగానే కొంగు తీసి నోటికడ్డం పెట్టుకుంది. పళ్ళు కనబడకుండా. ఆ కొంగు ఇంక తియ్యలేదు.

“ఈ గొంతు ఎవరిదండి?” అంది.

“మా అబ్బాయిదండి.”

“బావుందండి గొంతు” అంది ఆవిడ. తర్వాత, “మీ అబ్బాయిగారికి నేనేం చేశానండీ?” అంది.

అందులో కోపం లేదు. ఎప్పుడో ఏదో తప్పు చేసి మర్చిపోయానేమో, గుర్తుచేస్తే దిద్దుకుంటాను అన్నట్టుగా అడిగింది. క్షమించమని అనబోతే, “మీరు మేడంగారండి, అలాగనకూడదండి” అని ఆపేసింది. తర్వాత లేచి పాక వెనక్కెళ్ళింది. కొడుకు తల మీద చెయ్యి వెయ్యబోతే వాడు పక్కకి జరిగిపోయాడు. ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

వాడు నన్ను బస్సు దాకా దిగబెట్టాడు. బస్సొచ్చాక అన్నాడు.

“ఎందుకు చెప్పేరండి? నన్ను తిడితే తిట్టనివ్వాల్సిందండి. మా అమ్మ బతుకులో ఎప్పుడూ అంత సంతోషంగా లేదండి. నామీద కోపం ఎప్పటికైనా పోయేదండి. ఇది పోదండి.”

నిజమే. నాకు అన్యాయమనిపించిందాన్ని నేను సరిచేశాననుకున్నాను. ఆ తల్లికి మిగిలిన ఒక్క సంతోషాన్నీ నా చేత్తో తీసేసి, ఆ కొడుకు పడ్డ కష్టాన్ని వమ్ము చేసి వచ్చాను. నువ్వు సగం చేశావు, మిగతా సగం నేను చేశాను.

ఆ పాక ఇప్పుడు మూసి ఉంది. చిన్నమ్మలు రొయ్యలు ఒలిచే షెడ్డులో కూలికెళ్తోంది. అక్కడ అందరూ మొహానికి గుడ్డ కట్టుకోవాలట, ఆవిడకి అదే బాగుందట. శివశంకర్ ఎవరిదో బోటు మీద వేటకెళ్తున్నాడు. తండ్రి పోయిన సముద్రంలోకి వాణ్ణి పంపనని ఆవిడ ఒట్టు పెట్టుకుందట. ఇప్పుడు వాడు వెళ్తుంటే ఆపడం లేదు. ఆపే హక్కు పోయిందనుకుంటోందేమో, నాకు తెలీదు.

నీ వీడియో తీసేయమని అడగను. నువ్వు తీసినా వాళ్ళ వాళ్ళ ఫోన్లలో ఉంటుంది. రెండో భాగానికి పేజీలు పంపను. వచ్చే ఏడాది ఆ పాఠం నేను చెప్పనని కాలేజీలో చెప్పేశాను. క్షమాపణ గురించి పాస్టరుగారు ప్రసంగిస్తున్న ఆదివారం నేను మధ్యలో లేచి వచ్చేశాను. మీ నాన్నగారు కారణం అడిగితే తలనొప్పి అన్నాను. ఈ ఉత్తరం పోస్టు చేశాక ఆయనకీ అంతా చెప్తాను.

మొన్న షెడ్డు దగ్గరికెళ్ళి మళ్ళీ కలిశాను. నన్ను చూడగానే చిన్నమ్మలు, “చిన్నపిల్లాడండి, మనసులో ఏం పెట్టుకోలేదని చెప్పండి మీ అబ్బాయిగారికి” అంది.

“చెప్పనండి. ఆ మాట నాతో పంపొద్దు” అన్నాను.

ఆవిడ భయపడ్డట్టు చూసింది. నేనన్నది మాత్రం మనసారా అన్నాను. ఆవిడ ఇచ్చిన క్షమని నీకు నేను మోసుకురాను. అంత తేలిగ్గా అది నీకు దొరకడం నాకిష్టం లేదు.

సెలవు పెట్టి వస్తానన్నావు కదా. రా. కాలేజీ డేలో దండ వేయించుకోవాలనుంటే వేయించుకో, నేను ఆ హాల్లో ఉండను. దానికన్నా ముందు పల్లిపాలెం వెళ్ళు. ఆవిడ నన్నడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరుంటే ఆవిడ ఎదురుగా నిలబడి, ఆ వీడియోలో గొంతుతోనే చెప్పు. చెప్పకుండా మన గుమ్మం దగ్గరికొస్తే మీ నాన్నగారు తలుపు తీస్తారేమో. నేను తియ్యను.

ఇట్లు,
ఎంత కాదనుకున్నా నిన్ను కన్న అమ్మ,
ప్రసన్నకుమారి